పిల్లిపిల్ల ఇంటికి వచ్చే ముందు: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు

ఈ శీర్షికకు సాధారణంగా ఒంగోలు గిత్తల మేపు గురించో, నెల్లూరు జుడిపి గొర్రెలకు వేయవలసిన నట్టల మందు గురించో ఉత్తరాలు వస్తుంటాయి. ఈ నెల మాత్రం పిల్లిపిల్లల గురించి ఒకేసారి ఎనిమిది ఉత్తరాలు వచ్చాయి. వాటిలో మొదటిది పెద్దది. అందులో అడిగిన సంగతి తేలితే తక్కిన ప్రశ్నలలో సగం వాటంతటవే తేలిపోతాయి కనుక దానికి కాస్త విపులంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అల్లూరులో మా ఆడపడుచు గారి ఇంట్లో, ధాన్యం బస్తాలు వేసే గదిలో పిల్లి నాలుగు పిల్లలను పెట్టింది. అవి పుట్టి ఐదు వారాలయింది. వాటిలో ఒక ఎర్రచారల పిల్ల, మా అమ్మాయి చీపురు పుల్ల కదిపితే చాలు, నేలకు కరుచుకుపోయి పొంచి, వెనకభాగం అటూ ఇటూ ఊపి, ఒక్క గంతు వేసి, గురి తప్పి బోర్లా పడి, అసలేమీ జరగనట్టు కూర్చుని కాలు నాక్కుంటుంది. దానిని తెచ్చుకుందామని ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఒకటే పోరు. వచ్చే ఆదివారమే తీసుకుపొమ్మని వదినగారు అంటున్నారు. మాది కావలిలో రెండో అంతస్తు ఇల్లు. మా అత్తగారికి పిల్లి ఎదురు రావడం ఇష్టం లేదు. తెచ్చుకోవచ్చునా? ముందుగా ఏమేమి సిద్ధం చేసుకోవాలి?
– ఒక గృహిణి, కావలి

జవాబు: తెచ్చుకోండి, కానీ వచ్చే ఆదివారం వద్దు. ఐదు వారాల పిల్ల చూడటానికి గడుసుగా కనిపించినా అది ఇంకా తల్లి పాలు పూర్తిగా మరవలేదు. పిల్లిపిల్లకు 26 పాలపళ్ళు వస్తాయి. అవన్నీ రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందువల్ల ఎనిమిది వారాలు నిండేవరకు తల్లి నుంచి వేరు చేయకూడదు. పది, పన్నెండు వారాల దాకా ఉంచగలిగితే మరీ మంచిది. ఇది కేవలం పాల కోసం చెప్పే మాట కాదు. ఇప్పుడు ఆ నాలుగు పిల్లలూ ధాన్యం బస్తాల మీద ఒకదానినొకటి పట్టి పొర్లాడుతుంటాయి చూడండి, అదే వాటి బడి. గట్టిగా కొరికితే ఎదుటి పిల్ల కీచుమని అరిచి ఆట మానేస్తుంది. తల్లిని కొరికితే తల్లి ఒక్కటి వేస్తుంది. ఎంత కొరికితే ఆట, ఎంత దాటితే దెబ్బ అన్నది అది అక్కడ నేర్చుకోవలసినదే గాని, ఆ తర్వాత మీరు నేర్పగలిగినది కాదు. తొందరపడి తెచ్చిన పిల్లిపిల్లల వల్లనే ఇంట్లో పిల్లల చేతులకు ఎక్కువ గాట్లు పడటం నేను నలభై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

కాబట్టి మీ వదినగారిని మరో మూడు, నాలుగు వారాలు ఓపిక పట్టమని అడగండి. తల్లిపిల్లి పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ గదిలో రాకపోకలు ఎక్కువయితే అది వాటిని నోట కరుచుకుని మరో చోటికి చేర్చవచ్చు. అప్పుడు పిల్లలు పోయాయని కంగారు పడకుండా, తల్లి తిరిగే దారిని గమనిస్తే సరిపోతుంది. ఈలోగా మీ అమ్మాయి వారానికి ఒకటి రెండు సార్లు వెళ్ళి, ఆ పిల్లను ఒడిలో పెట్టుకుని, మెల్లగా ఒళ్ళు నిమిరి రావడం చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే మనుషుల మీద నమ్మకం పిల్లులకు ప్రధానంగా రెండో వారం నుంచి ఏడో వారం లోపల కుదురుతుంది. ఆ వయసులో మనిషి చేయి ఎరగని పిల్ల తర్వాత ఎంత బుజ్జగించినా మంచం కిందనే కాపురం పెడుతుంది.

నా సలహా ఇంకొకటి ఉంది. మీ అత్తగారు వింటే నన్ను తిట్టవచ్చునేమో గాని చెప్పక తప్పదు. వీలైతే ఒకటి కాదు, రెండు పిల్లలను తెచ్చుకోండి. పగలంతా మీ అమ్మాయి బడికి, మీరు పనులకు పోతే, ఒంటరి పిల్ల తన ఆటకు తోడు దొరకక సాయంత్రం మీ కాళ్ళనే వేటాడుతుంది. రెండు ఉంటే ఒకదానితో ఒకటి అలసిపోతాయి. రెండింటిని సాకే ఖర్చు ఎక్కువే గాని, శ్రమ మాత్రం రెట్టింపు కాదు.

తీసుకునేటప్పుడు పిల్లను పగటి వెలుతురులో చూడండి. కళ్ళలో పుసి, ముక్కు నుంచి చీమిడి, తోక కింద అంటుకుపోయిన విరేచనం ఉండకూడదు. చెవుల లోపల కాఫీ పొడి లాంటి నల్లని మడ్డి ఉంటే అవి చెవి పురుగులు. మందుతో పోతాయి గాని ముందే తెలుసుకోవాలి. పొట్ట మాత్రం కుండలా ఉబ్బి, వెన్నెముక చేతికి తగులుతుంటే నట్టలు ఉన్నట్టే లెక్క. ఎనిమిది వారాల పిల్ల ఏడు, ఎనిమిది వందల గ్రాములకు అటూ ఇటూ తూగాలి. మీ వదినగారి ఇంట్లో ధాన్యం తూచే కాటా మీద ఇంత చిన్న ప్రాణి బరువు సరిగా తేలదు, వంటింటి కాటా వాడండి.

తెచ్చే రోజున చేతి సంచిలో వేసుకుని బస్సెక్కవద్దు. మూత ఉన్న గంపలోనో, గాలి రంధ్రాలు పొడిచిన గట్టి అట్టపెట్టెలోనో పాత చీర ముక్క పరచి తీసుకురండి. ఆ ముక్కను రెండు రోజులు ముందుగానే తల్లిపిల్లి పడుకునే చోట వేసి ఉంచితే, కొత్త ఇంట్లో మొదటి రాత్రి ఏడ్చే పిల్లకు ఆ వాసనే పెద్ద ఓదార్పు. పిల్లను మెడ తోలు పట్టి ఎత్తవద్దు. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథుని సన్నిధిలో ఉపన్యాసాలు విన్నవారికి మార్జాల కిశోర న్యాయం తెలిసే ఉంటుంది: కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుని ఉంటుంది, పిల్లిపిల్లను మాత్రం తల్లే మోస్తుంది. ఆ మోసే హక్కు తల్లి పళ్ళకే గాని మన వేళ్ళకు లేదు. ఒక చేయి రొమ్ము కింద, ఒక చేయి వెనకకాళ్ళ కింద పెట్టి ఎత్తుకోవాలి.

మొదటి నాలుగైదు రోజులు ఇల్లంతా తిరగనివ్వకుండా ఒకే గది ఇవ్వండి. ఆ గదిలో ఒక మూల తిండి, నీళ్ళు, దానికి దూరంగా మరో మూల ఇసుక బేసిను ఉండాలి. తినే చోటికి దగ్గరగా ఇసుక పెడితే పిల్లి అందులో కూర్చోదు. ఈ విషయంలో దానికి మనకంటే పట్టింపు ఎక్కువ. బేసిను పిల్ల ఎక్కి దిగగలిగేంత పొట్టిగా ఉండాలి. మూడు అంగుళాల లోతున జల్లించిన పొడి ఇసుక పోస్తే చాలు. మన జిల్లాలో ఇసుకకు కరువా! కొని తెచ్చే గడ్డకట్టే రకం పొడిని మాత్రం ఈ వయసులో వాడకండి. పిల్లిపిల్లలు దానిని నాకి మింగుతాయి, కడుపులో అది ముద్దకడుతుంది. తిన్న పావుగంటకు పిల్లను తీసుకువెళ్ళి ఇసుకలో నిలబెడితే, ముందుకాలితో గోకి చూపనవసరం కూడా లేకుండా, రెండు మూడు రోజులలో తానే నేర్చుకుంటుంది.

రెండో అంతస్తు అన్నారు కనుక బాల్కనీకి నైలాను వల కట్టించనిదే పిల్లను బయట గదిలోకి వదలకండి. పిచ్చుక వెంట దూకే పిల్ల గోడ ఎక్కడ అయిపోయిందో చూసుకోదు. మీ ఇంట్లో దానికి ఉన్న అపాయాలన్నీ దాదాపు ఇలాగే ఆటలోంచే పుడతాయి. మల్లెపూలు కట్టే దారం, కుట్టుమిషను దగ్గర పడిన దారపు ముక్కలు, సూదితో ఉన్న దారం, ఇవన్నీ దాని కంటికి కదిలే తోకలు. పిల్లి నాలుక మీది ముళ్ళు లోపలి వైపుకు వంగి ఉంటాయి, నోట పడిన దారాన్ని ఉమ్మలేక అది మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కింద చుట్టుకుని, మిగిలినది పేగులలోకి పోయి వాటిని కుచ్చెళ్ళలా ముడిచేస్తుంది. నోటి నుంచో, వెనక నుంచో దారపు కొస కనిపిస్తే లాగకండి. లాగితే పేగు కోసుకుపోతుంది. వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. కొన్నేళ్ళ క్రితం ఒక సాయంత్రం ఒక తండ్రీ కొడుకులు తువాలులో చుట్టిన పిల్లను నా దగ్గరకు తెచ్చారు. ఒళ్ళు వేడిగా ఉందని, ఇంట్లో పిల్లవాడికి వేసే పారాసెటమాల్ మాత్రలో పావు ముక్క పొడి చేసి పాలలో పట్టించారట. నేను పెదవి ఎత్తి చూస్తే గులాబి రంగులో ఉండవలసిన చిగుళ్ళు చాకొలెట్టు రంగుకు తిరిగి ఉన్నాయి, ముఖం, ముందు పంజాలు వాచి ఉన్నాయి. మనిషి కాలేయం ఆ మందును విడగొట్టి బయటికి పంపే పద్ధతి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. అందుకే రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. విరుగుడు మందు ఉంది గాని అది గంటలలో అందాలి. ఆ పిల్ల బతకలేదు. ఆ పిల్లవాడు తువాలును మడతపెట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. పిల్లికి జ్వరం అనిపిస్తే మనుషుల మాత్ర ఏదీ వేయకండి. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది, మన చేతికి అది ఎప్పుడూ కాస్త వెచ్చగానే తగులుతుంది. అలాగే కుక్కలకు పిడుదుల కోసం పూసే పెర్మెత్రిన్ మందులు, ఫినాయిల్, బీరువాలలో వేసే కలరా ఉండలు పిల్లికి విషమే. నేల తుడిచిన ఫినాయిల్ పంజాలకు అంటి, పంజాలు నాకినప్పుడు లోపలికి పోతుంది కనుక, తడి ఆరి వాసన పోయేవరకు ఆ గదిలోకి రానివ్వకండి.

మీ అత్తగారి శకునం మాటకు నేను వాదించను. ఇంట్లోనే ఉండే పిల్లి రోజుకు వందసార్లు ఎదురొస్తుంది కాబట్టి లెక్క పెట్టడం ఆవిడే మానేస్తారు.

ప్రశ్న: మూడు నెలల పిల్లిపిల్లను తెచ్చి నెల అయింది. పగలంతా నిద్రపోతుంది. రాత్రి పదకొండు దాటాక గదుల మధ్య గుర్రంలా పరుగులు తీసి, దుప్పటి కింద కదిలిన మా కాలి వేళ్ళ మీద దూకుతుంది. చేతులన్నీ గీతలే. కొడితే మానుతుందా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: కొట్టకండి. కొట్టిన చేతిని చూసి భయపడటం నేర్చుకుంటుంది గాని, వేళ్ళ మీద దూకడం తప్పని మాత్రం నేర్చుకోదు. పిల్లి సహజంగా సందె వేళ, తెల్లవారుజామున వేటకు లేచే జంతువు. పిల్లగా ఉన్నప్పుడు రోజులో పదహారు గంటలకు పైగా నిద్రపోవడం, మెలకువ వచ్చిన కాసేపు తుపానులా తిరగడం దాని తత్త్వం. మీరు ఆఫీసు నుంచి వచ్చి అలసి కూర్చునే వేళకే దానికి తెల్లవారుతుంది.

దాని ఆటను వేటగానే చూస్తే మీకు దారి దొరుకుతుంది. వేటలో ఒక వరస ఉంది: పొంచడం, తరమడం, దూకి పట్టడం, తినడం, ఒళ్ళు నాక్కోవడం, పడుకోవడం. మీరు పడుకోవడానికి గంట ముందు ఒక వెదురు పుల్లకు గుడ్డపీలిక కట్టి, దాని ముఖం మీదికి కాకుండా దానికి దూరంగా, ఎలుక పారిపోతున్నట్టు గోడ వారగా, తలుపు చాటుకు లాగండి. పదిహేను నిమిషాలు పరుగెత్తించి, మధ్యమధ్య నిజంగా పట్టుకోనివ్వండి. ఎప్పటికీ దొరకని వేట దానికి చిరాకే మిగులుస్తుంది. గోడ మీద ఎర్ర లేజరు చుక్క చూపించి ఆడించడం అందుకే నాకు నచ్చదు. చివరిగా పట్టుకోగానే ఆ రోజు ఆఖరి తిండి పెట్టండి. తిని, మూతి తుడుచుకుని, పడుకుంటుంది. వారం పది రోజులు అదే వేళకు తప్పకుండా చేయాలి. రెండు రోజులు చేసి ఫలితం లేదని మళ్ళీ నాకు రాయకండి. ఆట అయ్యాక ఆ పుల్లను పీలికతో సహా బీరువాలో పెట్టేయాలి.

చేతి వేళ్ళతో ఆడించడం ఇంట్లో అందరూ మానాలి. కొరికినప్పుడు చేయి వెనక్కి లాగితే అది పారిపోయే ఎలుకే అవుతుంది, మరింత గట్టిగా పట్టుకుంటుంది. చేతిని కదలకుండా ఉంచి, లేచి ఆ గదిలోంచి వెళ్ళిపోండి. పై ఉత్తరంలోని అల్లూరు బస్తాల మీద కొరికించుకున్న పిల్ల చేసే పని అదే. సోఫా గీకుతుందని మీరు రాయలేదు గాని త్వరలో రాస్తారు. ఒక సరుగుడు మొద్దును కదలకుండా నిలబెట్టి, గోనె గుడ్డనో, కొబ్బరి తాడునో బిగించి చుట్టి సోఫా పక్కనే పెట్టండి. పిల్లి ఒళ్ళు పూర్తిగా సాగేంత ఎత్తు, అంటే దాదాపు మూడు అడుగులు ఉండాలి. మూడున్నర, నాలుగు నెలల నుంచి ఆరేడు నెలల లోపు పాలపళ్ళు ఊడి 30 శాశ్వత దంతాలు వస్తాయి కనుక ఆ రోజులలో కొరుకుడు కాస్త ఎక్కువవుతుంది, అదీ తగ్గుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో నీచు వండము. వీధిలో దొరికిన పిల్లకు పాలన్నం, పెరుగన్నం పెడుతున్నాము. ఇష్టంగానే తింటోంది కానీ విరేచనాలు అవుతున్నాయి. పాలు పడకపోతే ఏమి పెట్టాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మూలాపేట, నెల్లూరు

జవాబు: మాస్టారూ, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అని మనం సామెతలు కట్టుకున్నాము గాని, తల్లి పాలు మరచిన పిల్లికి ఆవు పాలు, గేదె పాలు అరగడం కష్టం. పాలలోని చక్కెరను అరిగించే శక్తి వయసుతో తగ్గిపోతుంది. అదే విరేచనాల రూపంలో కనిపిస్తోంది. పాలు ఈ రోజే ఆపి, శుభ్రమైన నీళ్ళు పెట్టండి. రెండు రోజులలో తగ్గకపోయినా, పిల్ల తినడం మానినా వైద్యునికి చూపించాలి. మలంలో నట్టలు ఉన్నాయేమో కూడా చూడాలి. ఏలిక పాములు తల్లి పాల ద్వారానే పిల్లలకు వస్తాయి. అందువల్ల పుట్టిన రెండు మూడు వారాల నుంచే పక్షానికొకసారి, మూడు నెలలు దాటాక ఆరు నెలల వరకు నెలకొకసారి నట్టల మందు వేయించవలసి ఉంటుంది.

అసలు విషయానికి వస్తే, పిల్లి మాంసాహారమే తినవలసిన ప్రాణి. కుక్క అన్నంతో కొంత నెట్టుకురాగలదు, పిల్లి నెట్టుకురాలేదు. టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం సరిపడినంత తయారు చేసుకోలేదు, అది మాంసం, చేపలలోనే దొరుకుతుంది. అది లేకపోతే కంటి తెర దెబ్బతిని గుడ్డితనం వస్తుందని 1975లోనూ, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోనూ శాస్త్రవేత్తలు తేల్చారు. పెరుగన్నంతో పెరిగిన పిల్లికి ఈ నష్టం వెంటనే కనిపించదు, నెలల తరబడి లోలోపల జరుగుతుంది.

మీ వంటింటి నియమం కాదని చేపలు వండమని నేను చెప్పను. పిల్లిపిల్లల కోసమే తయారు చేసిన పొడి ఆహారం దుకాణాలలో దొరుకుతుంది. అందులో టారిన్ కలిపి ఉంటుంది. పొట్లం మీద ఎదిగే పిల్లల కోసమని రాసి ఉన్నది చూసి కొని, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, నాలుగు నెలల వరకు రోజుకు నాలుగుసార్లు, ఆ తర్వాత మూడుసార్లు పెట్టండి. వసారాలో వేరే పళ్ళెం, వేరే చెంచా పెట్టుకుంటే మీ మడికి లోటు రాదు. దానికి కూడా మనసు ఒప్పకపోతే, ఒప్పే ఇంటికి ఆ పిల్లను ఇవ్వడమే దాని పట్ల ప్రేమ అని నా అభిప్రాయం.

ఇదే సందర్భంలో, కొత్తపట్నం నుంచి ఒక పాఠకుడు వల దులిపినప్పుడు పడే కవళ్ళను, నెత్తళ్ళను పచ్చివే వేస్తున్నామని రాశారు. పచ్చి చేపలు కొన్నింటిలో బి1 విటమినును నాశనం చేసే పదార్థం ఉంటుంది. అవే రోజూ తింటే పిల్లి తూలడం, మెడ వంగిపోవడం దాకా వస్తుంది. ఉప్పు లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి, ఉడికిన నీళ్ళతో సహా పెట్టండి, ఎందుకంటే టారిన్ కొంత ఆ నీళ్ళలోకి దిగుతుంది. ఉప్పు చేపలు వద్దు. నెల్లూరు చేపల పులుసు అంతకంటే వద్దు: అందులోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. పులుసు మనకు, ఉడికించిన ముక్క దానికి.

ప్రశ్న: పెంచుకుంటున్న పిల్లిపిల్ల ఆటలో మా ఏడేళ్ళ బాబును గోకింది. చర్మం మీద సన్నగా రక్తం కనిపించింది. ఇంట్లో పిల్లే కదా అని పసుపు అద్దాము. సూది అవసరమా?
– ఒక తల్లి, పొదిలి

జవాబు: పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టవద్దు. ఈ ఉత్తరం అచ్చయ్యేలోగా ఆలస్యమవుతుందని మీకు విడిగా జాబు రాశాను. తక్కినవారి కోసం ఇక్కడ చెబుతున్నాను. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గోకినా ముందుగా ధారగా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడిగితేనే పదిహేను నిమిషాలంటే ఎంతో తెలుస్తుంది. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజులలో రేబిస్ రాకుండా సూదులు ఇస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ వేసే మరో మందు కూడా అవసరమవుతుంది. అది అవసరమా కాదా అన్నది డాక్టరు నిర్ణయించాలి గాని, ఇంట్లో పిల్లే కదా అని మనం నిర్ణయించకూడదు. వీధి కుక్క కరిచిన పిల్లికి కూడా రేబిస్ వస్తుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని దక్కించుకోవడం దాదాపు అసాధ్యం.

పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, వైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా మళ్ళీ వేయించండి. ఏటా జూలై 6న ప్రభుత్వ పశువుల ఆసుపత్రులలో ఈ టీకాను ఉచితంగా వేస్తుంటారు. 1885లో అదే తేదీన పాశ్చర్ ఒక తొమ్మిదేళ్ళ బాలుడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. పిల్లకు రేబిస్ టీకా కంటే ముందు, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేవరకు మూడు వైరస్ జబ్బులకు కలిపి ఇచ్చే టీకా ఉంది. వాటిలో పాన్‌ల్యూకోపీనియా అనేది వాంతులు, విరేచనాలతో పిల్లలను రెండు మూడు రోజులలో చంపుతుంది. దాని వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికి ఉండగలదు. ఇంతకుముందు అలా పిల్ల చనిపోయిన ఇంట్లోకి, టీకాలు పూర్తికాని పిల్లను తీసుకురావద్దు.

ప్రశ్న: మా అమ్మాయి కాన్పుకు ఇంటికి వచ్చింది, ఐదో నెల. ఇంట్లో ఆరు నెలల పిల్లి ఉంది. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి ఉండకూడదని అందరూ అంటున్నారు.
– ఒక తండ్రి, సింగరాయకొండ

జవాబు: పిల్లిని పంపేయనవసరం లేదు, ఇసుక బేసిను పని మాత్రం మీ అమ్మాయి చేత చేయించకండి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావచ్చు గాని, బయట పడిన తర్వాత అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందువల్ల మీరు రోజూ ఇసుక తీసేస్తే ముప్పు చాలావరకు తప్పుతుంది. పిల్లికి పచ్చి మాంసం పెట్టకండి, ఎలుకలు పట్టనివ్వకండి. మనుషులకు ఇది సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల వల్ల కూడా వస్తుంది. పిల్లిని నిందించేవారు ఆ సంగతి మరిచిపోతారు. గర్భిణిని చూసే డాక్టరుకు ఇంట్లో పిల్లి ఉందని తప్పక చెప్పండి.

ప్రశ్న: మాది ఆడపిల్లి, ఐదో నెల. పిల్లలు పెడితే సంత దగ్గర వదిలేస్తే ఎవరో ఒకరు తీసుకుంటారు కదా?
– ఒక వ్యాపారి, ఆత్మకూరు

జవాబు: తీసుకోరు. సంతలో వదిలిన పిల్లలను కుక్కలు, లారీలు తీసుకుంటాయి. ఆకలితో మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. చూలు తొమ్మిది వారాలే. ఒక కాన్పు పిల్లలు పాలు మరవకముందే మళ్ళీ చూలు కట్టగలదు. ఇప్పుడే మీ పశువైద్యునితో మాట్లాడి ఆపరేషన్ చేయించండి. ఒక కాన్పు అయ్యాకే చేయించాలన్నది వట్టి మాట. మీ ఊళ్ళో ఆపరేషన్ వసతి లేకపోతే నెల్లూరు తీసుకువెళ్ళండి, ఒక పూట దుకాణం మూసినా నష్టం లేదు.

ప్రశ్న: మా పిల్లిపిల్లకు తెలుపు, నలుపు, ఎరుపు మూడు రంగులూ ఉన్నాయి. నేను దానికి భీముడు అని పేరు పెట్టాను. మూడు రంగులుంటే ఆడదేనని మా స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: మీ స్నేహితుడు చెప్పినది దాదాపు నిజం. పిల్లులలో ఎరుపు రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఎరుపు, నలుపు రెండూ కనిపించాలంటే రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండాలి, అవి ఆడపిల్లికే ఉంటాయి. మూడు రంగుల మగపిల్లి ఎంతో అరుదు. పూర్తిగా ఎర్రగా ఉన్నవాటిలో మాత్రం మగవే ఎక్కువ, కావలి అమ్మాయికి వచ్చేది గండుపిల్లి కావచ్చునని ఆ లెక్కనే అనుకుంటున్నాను. తోక ఎత్తి చూస్తే ఇంకా తేలికగా తెలుస్తుంది: రెండు రంధ్రాలూ దగ్గరగా ఉండి, కిందిది నిలువు గీతలా ఉంటే ఆడది, రెండూ దూరంగా చుక్కల్లా ఉంటే మగది. పేరు మార్చవలసిన పని లేదు. అన్నం పళ్ళెం చప్పుడుతో పాటు రోజూ పిలుస్తుంటే, భీముడని పిలిచినా అది వస్తుంది.